వాల్‌నట్ తొక్క ఈగకి పసుపు జిగురు అట్ట: రెండు వేసవులు వాడాక నా రివ్యూ

రెండేళ్ళ కిందట దసరాకి, ఇక్కడ కాలిఫోర్నియాలో మా పక్క ఊరు మౌంటెన్ హౌస్‌లో ఒకరింటికి పేరంటానికి వెళ్ళాను. తాంబూలం ఇస్తున్నావిడ నా చేతులు చూసి ఆగిపోయింది. "గోరింటాకు ఇంత నల్లగా పండిందేంటండీ, ఎక్కడ దొరికింది మీకు?" అంది. గోరింటాకు కాదండీ, మా పెరట్లో కుళ్ళిపోయిన వాల్‌నట్ కాయల పెంకు మీది తొక్క అని చెప్తే నమ్మలేదు. నిమ్మకాయ రుద్దాను, గిన్నెలు తోమే పీచు పెట్టి గీకాను. దీపావళికి కూడా గోళ్ళ చుట్టూ మిగిలే ఉంది.

ఆవిడ అనుకున్నది మరీ తప్పేం కాదని తర్వాత తెలిసింది. గోరింటాకులో ఎర్రగా పండేది లాసోన్. వాల్‌నట్ తొక్కలో నల్లగా పట్టేది జుగ్లోన్. రెండిట్లో పరమాణువులు అవే, లెక్కా అదే, ఒక్క ముక్క అతుక్కున్న చోటు మాత్రం వేరు. మా అమ్మాయి కెమిస్ట్రీ హోంవర్క్ పుణ్యమా అని ఇది నా చెవిన పడింది.

సరే, రివ్యూకి వస్తాను. నా చేతులు అలా అవడానికి కారణం ఒక ఈగ. ఇంగ్లీషులో వాల్‌నట్ హస్క్ ఫ్లై అంటారు, శాస్త్రీయ నామం రాగోలెటిస్ కంప్లీటా. మా కాయల్ని కూడా కంప్లీట్‌గానే ముగించింది. ఇంట్లో మేం తొక్క ఈగ అంటాం. దాన్ని పట్టడానికని నేను రెండు వేసవులు వాడిన పసుపు జిగురు అట్టల గురించి రాస్తున్నాను. ప్యాకెట్లో మూడు అట్టలు, వాటికి తగిలించే మూడు చిన్న ఎర డబ్బాలు ఉంటాయి. పాతిక డాలర్ల లోపే. కంపెనీ పేరు రాయను. నా ఫిర్యాదుల్లో సగం ఈ రకం అట్టలమ్మే అందరికీ వర్తిస్తాయి, ఆ ఒక్క కంపెనీని పట్టుకుని తిట్టడం న్యాయం కాదు.

ఐదుకి మూడున్నర ఇస్తాను. మొదటి ఏడాది అడిగుంటే ఒకటి ఇచ్చేదాన్ని. ఆ మధ్యలో అట్ట ఏం మారలేదు.

మాది ట్రేసీ. మౌంటెన్ హౌస్‌లో మనవాళ్ళుండే కొత్త ఇళ్ళ వరసల్లాంటివి కాదు, పాత ఊరివైపు 1960ల నాటి ఇల్లు. ఇల్లు చూడ్డానికి వెళ్ళినప్పుడు వంటగది చూడకముందే పెరట్లో ఆ చెట్టు చూశాను. రెండంతస్తుల ఎత్తు. కింద మొదలు నల్లగా, బెరడు గరుగ్గా ఉంటుంది. నా నడుం ఎత్తు దగ్గర గీత గీసినట్టు ఆగిపోయి, అక్కణ్ణించి పైకంతా తెల్లగా నున్నగా ఉంటుంది. ఇక్కడి నల్ల వాల్‌నట్ వేరు మీద మనం తినే రకాన్ని అంటు కట్టిన గుర్తది. మామిడి అంటు చూసి పెరిగినదాన్ని కాబట్టి ఠక్కున పట్టేశాను. ఏజెంట్‌కి మాత్రం తెలీదు, చెట్టుకి ఏదో జబ్బేమో, ధర తగ్గించమని అడగండి అన్నాడు. అడిగాం కూడా.

మొదటి రెండేళ్ళు ఉడతలు, కాకులు తినగా మిగిలినవే మూడు పెయింటు బకెట్ల కాయలొచ్చాయి. బేగంబజార్‌లో పావుకిలో కట్టించుకుని లెక్కపెట్టి తిన్న రోజులు గుర్తొచ్చి, ఊళ్ళో తెలిసినవాళ్ళందరికీ పంచాను. వాల్‌నట్ కారప్పొడి చేశాను. ఎండుమిర్చి, వెల్లుల్లి, జీలకర్రతో, పల్లీల బదులు ఇవి వేసి. నూనె వదుల్తుంది, కాబట్టి కొంచెం కొంచెం చేసుకోవాలి.

మూడో ఏడు ఆగస్టులో కాయల మీద నల్ల మచ్చలు కనబడ్డాయి. ఎండ దెబ్బ అనుకున్నాను. ట్రేసీలో ఆగస్టంటే నూట అయిదు డిగ్రీల ఫారెన్‌హీట్ మామూలే. కానీ ఎండ దెబ్బయితే ఎండ తగిలే వైపే గోధుమ రంగు తిరిగి ఎండిపోవాలి. ఇది నీడలో ఉన్న కాయలకీ వచ్చింది. బ్లైట్ అనే బాక్టీరియా తెగులు ఇంకోటుంది. అది వసంతంలో వానలు పడేటప్పుడు మొదలవుతుంది, మచ్చ లోపలికి గుంట పడినట్టుంటుంది. ఇది అలా కూడా లేదు. పై పొర చెక్కుచెదరలేదు, నున్నగా ఉంది. బొటనవేలితో నొక్కితే మాత్రం బాగా మగ్గిన సపోటాలా లోపలికి పోయింది. గోరుతో చీలిస్తే నల్లటి బురద, అందులో కదులుతున్న పసుపు తెలుపు పురుగులు. ఒకటి కాదు, ఇరవై ముప్పై. ఆ సాయంత్రం అన్నం సయించలేదు.

వీడియో తీసి నాన్నకి పంపాను. నాన్న నూజివీడు దగ్గర నలభై ఏళ్ళు మామిడి తోట చేశారు. అయిదు నిమిషాల్లో ఫోన్.

"పండు ఈగేనమ్మా అది. మన బంగినపల్లిని పాడుచేసేదానికి చుట్టమై ఉంటుంది."

"పండు కాదు నాన్నా, తొక్కలో ఉంది. లోపల పప్పుకి గట్టి పెంకు ఉందిగా."

"తొక్కయితే ఏంటి, తిండే కదా దానికి. బుడ్డీలు కట్టు."

బుడ్డీలంటే నాకు గుర్తే. ఖాళీ నీళ్ళ సీసాకి చిల్లులు పెట్టి, లోపల చిన్న ప్లైవుడ్ ముక్క వేలాడదీసేవారు. స్పిరిట్ ఆరు పాళ్ళు, మిథైల్ యూజినాల్ నాలుగు, మలాథియాన్ ఒకటి కలిపి, ఆ ముక్కని అందులో నానబెట్టేవారు. వారం తిరక్కుండా సీసా అడుగున గుప్పెళ్ళకొద్దీ ఈగలు పడుండేవి. ఆ మందు దొరకని కాలంలో తాత కృష్ణ తులసి ఆకులు నలిపి కొబ్బరి చిప్పలో పెట్టేవాడట. తులసిలోనూ ఆ యూజినాలే ఉంటుంది కాబట్టి పిచ్చి పద్ధతేం కాదు.

ఆ నమ్మకంతో ఆ రాత్రే వెతికాను. వాల్‌నట్ ఈగకని ప్రత్యేకంగా అమ్మే పసుపు జిగురు అట్టలు కనబడ్డాయి. ఊళ్ళో మిర్చి చేలల్లో, టమాటాలో కట్టే అట్టల్లాంటివే. తేడా అల్లా ఎర డబ్బా. అందులో అమోనియం కార్బొనేట్ ఉంటుంది. మూత తీస్తే స్కూల్ ల్యాబ్ వాసన కొట్టి కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. పూర్వం కళ్ళు తిరిగి పడిపోయినవాళ్ళకి వాసన చూపించే ఉప్పు ఇదే. మా ఆయన ఒకసారి ఏంటా అని ముక్కు దగ్గర పెట్టుకుని చూశారు. ఆ రోజు ఆయనకి కాఫీ అక్కర్లేకపోయింది.

మూడు ప్యాకెట్లు తెప్పించాను. ఒకే చెట్టుకి తొమ్మిది అట్టలు. దీపావళికి బాణాసంచా కట్టినట్టు కట్టాం. నాలుగు రోజుల్లో అట్టలు ఈగలతో నిండిపోయాయి. ఫోటోలు తీసి నాన్నకి, అత్తయ్యకి, ఆఫీసు గ్రూపులో కూడా పంపాను. గెలిచేశానన్నంత సంబరం.

కాయలు మాత్రం నల్లబడుతూనే ఉన్నాయి. సెప్టెంబరు చివరికి సగానికి సగం పోయాయి. తొక్క కుళ్ళి పెంకుకి తారులా అతుక్కుపోయింది. మామూలుగా పండిన కాయకి తొక్క దానంతటదే పగిలి ఊడొస్తుంది. ఇవి ఊడవు. అవే నేను గ్లవ్స్ లేకుండా ఒలిచినవి, పేరంటంలో గోరింటాకు అనిపించుకున్నవి. పెంకు పగలగొట్టి చూస్తే, ఆగస్టు మొదట్లోనే దెబ్బతిన్న వాటిలో పప్పు ముడుచుకుపోయి చాయ్ రంగులో ఉంది, కొన్నిట్లో బూజు. ఆలస్యంగా దెబ్బతిన్న వాటిలో పెంకు నల్లగా ఉన్నా పప్పు శుభ్రంగానే ఉంది. నేను అసహ్యం వేసి రెండూ కలిపి పారేశాను. ఆ మంచివి పారేసినందుకు ఇప్పటికీ బాధే. పురుగు పెంకు లోపలికి వెళ్ళదు, పప్పు బాగుంటే తినొచ్చు.

అట్టల కంపెనీకి నా మొదటి ఫిర్యాదు ఇక్కడే. డబ్బా ముందు వైపు పెద్దక్షరాలతో ఈగల్ని పట్టేస్తుందని ఉంది. నిజమే, పడుతుంది. వెనక వైపు అడుగున, నా కళ్ళజోడుకి కూడా అందనంత చిన్నక్షరాల్లో ఇది ఈగ వచ్చిందో లేదో కనిపెట్టడానికి అని ఉంది. ఆ ముక్క ముందు వైపు రాసుంటే తొమ్మిది కట్టేదాన్నా?

చలికాలంలో కోపం తగ్గాక మా కౌంటీ మాస్టర్ గార్డెనర్లకి మెయిల్ రాశాను. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా తరఫున శిక్షణ తీసుకుని ఊరికే సలహాలిచ్చే వాలంటీర్లు వీళ్ళు. ఫీజేం లేదు. ఈ రివ్యూలో అయిదుకి అయిదు ఇవ్వగలిగేది వాళ్ళకే. ఒక పెద్దావిడ ఫోన్ చేసి అరగంట మాట్లాడింది. ఆ అరగంటలో నాన్న బుడ్డీకి, నా అట్టకి తేడా తెలిసింది.

మామిడి బుడ్డీలోని మిథైల్ యూజినాల్ మగ ఈగల్ని పిచ్చెక్కినట్టు లాగుతుంది, చాలా దూరం నుంచి. తోటంతా కడితే మగవి తగ్గిపోతాయి, ఆడవాటికి జత దొరకదు, గుడ్లు తగ్గుతాయి. అది నిజంగా నివారణే. వాల్‌నట్ ఈగకి అలాంటి మత్తుమందు లేదు. ఎర డబ్బాలోంచి వచ్చే అమోనియా వాసన దానికి తిండి వాసన. మట్టిలోంచి బయటికొచ్చిన ఆడ ఈగ గుడ్లు తయారవడానికి మాంసకృత్తులు వెతుక్కుంటూ రెట్టలు, కుళ్ళినవి ఉన్నచోటికి పోతుంది. ఆకలితో దగ్గర్లో తిరిగేది అట్టకి అంటుకుంటుంది. కడుపు నిండినది, వేరే కొమ్మ మీదున్నది, మా వీధి చివర ఎవరిదీ కాని పాత నల్ల వాల్‌నట్ చెట్టు మీంచి ఎగిరొచ్చేది అంటుకోదు. ఒక్కో ఆడ ఈగ తొక్క కింద ఒక్కో చోట పదిహేను గుడ్ల దాకా గుంపుగా పెడుతుంది. అట్ట మీద వంద పడ్డా, తప్పించుకున్న నాలుగు చాలు.

పైగా ఈగ ఏడాదికి ఒక్క తరమే. అది విన్నప్పుడు నాకు ఎక్కడలేని ఆశ కలిగింది. మామిడి ఈగలా తరం మీద తరం రాదు. గుడ్డు అయిదు రోజుల్లో పొదుగుతుంది. పురుగు మూడు నుంచి అయిదు వారాలు తొక్క తిని, నేల మీదికి రాలి, కొన్ని అంగుళాల లోతున మట్టిలోకి దూరి, గోధుమ గింజలాంటి గూడులో చలికాలమంతా పడుకుంటుంది. జూన్ మధ్య నుంచి సెప్టెంబరు దాకా కొద్దికొద్దిగా బయటికొస్తుంది, జులై ఆగస్టుల్లో జోరెక్కువ. అంటే సంవత్సరంలో ఆ కొన్ని వారాల్లో ఏ రోజు మందు కొట్టాలో తెలిస్తే చాలు. ఆ రోజు చెప్పేదే ఈ అట్ట. నేను దాన్ని మందనుకున్నాను, అది పంచాంగం.

రెండో వేసవి మళ్ళీ కొన్నాను, అదే కంపెనీది, ఈసారి ఒకే ప్యాకెట్. మా ఆయన "మళ్ళీనా?" అన్నట్టు చూశారు కానీ ఏమీ అనలేదు.

జూన్ ఒకటిన రెండు అట్టలు కట్టాను. చెట్టుకి ఉత్తరం వైపు, నీడలో, నిచ్చెన ఎంత ఎత్తుకి వెళ్తే అంత ఎత్తులో. మొదటి ఏడాది చేతికందేచోట, ఎండలో కట్టడం కూడా తప్పేనట. చుట్టూ ఉన్న ఆకులు కత్తిరించాలి, లేకపోతే గాలికి ఆకులొచ్చి అట్టకి అతుక్కుంటాయి. ట్రేసీ గాలి తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆల్టమాంట్ కనుమ మీద అన్ని గాలిమరలు ఊరికే పెట్టలేదు. ఆ గాలికి కంపెనీ ఇచ్చిన సన్నటి తీగ మూడో రోజే వంగిపోయి, అట్ట తిరగబడి, కిందున్న కరివేపాకు కుండీకి అతుక్కుంది. ఇది రెండో ఫిర్యాదు. బట్టలారేసే తీగ ముక్కతో మళ్ళీ కట్టాను. కరివేపాకు కోలుకోవడానికి రెండు నెలలు పట్టింది.

జిగురు గురించి కూడా చెప్పాలి. మంచి జిగురే, ఆ ఎండకి కారలేదు, ఎండిపోలేదు. కానీ జుట్టుకి అంటితే మాత్రం కొబ్బరి నూనె ఒక్కటే గతి. పసుపు రంగు కాబట్టి అంటుకోకూడనివీ అంటుకుంటాయి. రెండు తేనెటీగలు, పేనుబంకని తినే అల్లిక రెక్కల పురుగులు నాలుగైదు. వాటిని చూసినప్పుడు మనసు చివుక్కుమంటుంది. తొమ్మిది కట్టిన ఏడాది ఎన్ని పోయాయో లెక్క కూడా చూడలేదు.

ఎర డబ్బా వాసన నాలుగు వారాలు వస్తుందని రాశారు. వేసవి చల్లగా ఉండే ఊళ్ళో వస్తుందేమో. మా దగ్గర రెండో వారానికే ముక్కు ఆనించినా ఏమీ లేదు. విడి డబ్బాలు అమ్మరు, డబ్బా కోసం అట్ట కూడా కొనాలి. మూడో ఫిర్యాదు. అర మార్కు దీనికే పోయింది.

జూన్ అంతా వారానికి మూడుసార్లు నిచ్చెనెక్కి చూడ్డం, దిగడం. ఇంటి ఈగలు, దోమలు, గాలికొచ్చిన దూది. మన ఈగని ఎలా గుర్తుపట్టాలో చెప్పే బొమ్మ ఒక్కటి కూడా ప్యాకెట్లో లేదు. ఇది నాలుగో ఫిర్యాదు, నా దృష్టిలో అన్నిటికంటే పెద్దది. ఆ బొమ్మ లేకపోతే అట్ట మీద ఏం పడిందో ఎవరికి తెలుస్తుంది? నేనే చెప్తాను: ఇంటి ఈగ కంటే కొంచెం చిన్నది, తేనె రంగు ఒళ్ళు. వీపు మీద, రెక్కలు మొదలయ్యే చోటికి కాస్త కింద పసుపు చుక్క. కళ్ళు ఆకుపచ్చగా నిగనిగలాడతాయి. రెక్కల మీద నల్లటి అడ్డ చారలు, చివరి చార రెక్క అంచు చుట్టూ తిరిగి ఇంగ్లీషు 'వీ' అక్షరంలా కనబడుతుంది. ఆ 'వీ' చూస్తే చాలు. నిజం చెప్పాలంటే అందంగానే ఉంటుంది. కలంకారీ వేసినట్టుంటాయి రెక్కలు.

జులై 9న మొదటిది పడింది. అరుపు విని మా ఆయన నేను నిచ్చెన మీంచి పడ్డాననుకుని పరిగెత్తుకొచ్చారు.

వెంటనే మందు కొట్టేయాలనిపించింది. పెద్దావిడ ఆగమంది. గుడ్లు తయారైన ఆడ ఈగ కోసం చూడాలట. ఆడదయితే కొంచెం పెద్దగా ఉండి పొట్ట చివర మొనదేలి ఉంటుంది. దాన్ని గుండుసూదితో ఊడదీసి, తెల్ల కాగితం మీద పెట్టి, పొట్ట మెల్లిగా నొక్కి భూతద్దంలో చూడాలి. ఐటీ ఉద్యోగం చేసుకుంటూ, స్టాండప్ మీటింగ్‌కి పది నిమిషాల ముందు డైనింగ్ టేబుల్ మీద ఈగ పొట్టలు నొక్కుతూ కూర్చుంటానని నేనెప్పుడైనా అనుకున్నానా? జులై 18న నాలుగో ఈగ పొట్టలోంచి వచ్చాయి, తెల్లగా, సన్నగా, అచ్చం నూకల్లా. బియ్యంలో నూకలు ఏరిన చేయి కాబట్టి చూడగానే తెలిసిపోయింది. గుడ్లు కనబడ్డాక వారంలోపు మందు పడాలి. అట్ట వల్ల నాకు దొరికింది ఆ తారీఖే.

మందు సంగతి వేరే రివ్యూ అవుతుంది, కాబట్టి క్లుప్తంగా. స్పైనోసాడ్ వాడాను. ఊళ్ళో మిర్చికి తామర పురుగులకి కొట్టేది ఇదే, నాన్నకి పేరు చెప్పగానే "అదా, మంచిదే" అన్నారు. మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి వచ్చిన మందు. 1982లో కరీబియన్ దీవుల్లో మూతబడ్డ ఒక రమ్ము ఫ్యాక్టరీ దగ్గర మట్టిలో దొరికిందట ఆ జీవి. ఇంటి తోటలకి అమ్మే డబ్బాలన్నిటి మీదా వాల్‌నట్ పేరు ఉండదు. లేబుల్ మీద ఆ పేరు ఉందో లేదో చూసి కొనండి, ఎన్ని రోజులకోసారి కొట్టాలో కూడా లేబుల్ చెప్పినట్టే. దానికి మొలాసిస్ కలిపి పెద్ద పెద్ద చుక్కలుగా కింది కొమ్మల మీద పడేలా కొట్టాను. ఈగే తీపి కోసం వెతుక్కుంటూ వచ్చి నాకుతుంది కాబట్టి రెండంతస్తుల చెట్టంతా తడపక్కర్లేదు. నాన్న బెల్లం పాకం పోయమన్నారు. మందుతో ప్రయోగాలెందుకని నేనే ఒప్పుకోలేదు. ఈ మందు తడిగా ఉన్నంతసేపూ తేనెటీగలకి ప్రమాదం. అందరూ సాయంత్రం కొట్టమంటారు, మా ఊళ్ళో సాయంత్రమంటే గాలి. తెల్లవారి అయిదున్నరకి, తేనెటీగలు లేవకముందు కొట్టేదాన్ని.

ఇంకొకటి కూడా చేశాను. జులై, ఆగస్టు రెండు నెలలూ చెట్టు కింద నీలం పట్టా పరిచి ఉంచాను, రాలిన పురుగు మట్టిలోకి దిగకుండా. రాలిన కాయల్ని ఏ రోజుకారోజు కవర్లో కట్టి పారేశాను. పట్టా వల్ల ఎంత లాభమో ఇప్పుడే చెప్పలేం. కొన్ని గూళ్ళు మట్టిలో రెండేళ్ళు, ఇంకా ఎక్కువ కూడా నిద్రపోతాయి. అంటే ఆ చెడ్డ ఏడాది పురుగులు ఇంకా నా పెరట్లో పడుకునే ఉన్నాయి. ఆ ఆలోచన వస్తే రాత్రి పెరట్లో చెప్పులు లేకుండా నడవబుద్ధి కాదు, దానికీ దీనికీ సంబంధం లేకపోయినా.

అక్టోబరు మొదట్లో కాయలు దులిపించి, కళ్ళు మూసుకుని వంద ఏరి లెక్కపెట్టాను. పన్నెండు నల్లవి. అందులో పప్పు పాడైనవి మూడే, మిగతా తొమ్మిదీ ఆలస్యంగా దెబ్బతిన్నవి, పెంకు మీద మరక అంతే. వాల్‌నట్‌ని పెంకుతో అమ్ముకునే రైతుకి ఆ మరకలు నష్టమే. అమెరికా వాల్‌నట్ దాదాపు అంతా ఈ రాష్ట్రంలోనే పండుతుంది, వాళ్ళ బాధ వాళ్ళది. నాకు మరకతో పనేంటి, పగలగొట్టుకుని తింటాను. లిండెన్ వైపు తోట ఉన్న ఒక పోర్చుగీసు పెద్దాయన మా కాయ చూసి, పొడుగ్గా ఉంది, పాత యురేకా రకం కావచ్చు, ఈ ఈగకి అదంటే మహా ఇష్టం అన్నాడు. ఇప్పుడందరూ వేసేది చాండ్లర్ అట, 1979లో డేవిస్ యూనివర్సిటీ వాళ్ళు విడుదల చేసిన రకం. మా చెట్టు దానికంటే పెద్దది, వయసులో.

ఆయన ఇంకో మాట కూడా చెప్పాడు. ఈ ఈగ ఇక్కడిది కాదట. దేశం మధ్యలో, దక్షిణంలో అడవి నల్ల వాల్‌నట్ చెట్ల మీద బతికేదట. 1920లలో కాలిఫోర్నియాలో కనబడింది, తర్వాత ఇటలీ, స్విట్జర్లాండ్, ఫ్రాన్స్ దాకా వెళ్ళింది. ఎక్కడెక్కడి నుంచో వచ్చి ఈ లోయలో ఇల్లు కట్టుకున్నవాళ్ళలో ఇదీ ఒకటన్నమాట అని నవ్వాడు. నా వైపు చూసి నవ్వాడో, తనని తాను కలుపుకున్నాడో తెలీదు.

ఇంతకీ ఎవరు కొనాలి? పెరట్లో వాల్‌నట్ చెట్టు ఉండి, నిచ్చెనెక్కే ఓపిక, ఈగ పొట్ట నొక్కే ధైర్యం ఉన్నవాళ్ళు కొనొచ్చు. ఒక్క ప్యాకెట్ చాలు, జూన్ ఒకటికి కట్టండి. కాయలు నల్లబడ్డాక ఆగస్టులో మాత్రం కొనకండి. అప్పుడు మీ ఈగల లెక్క మీకు తెలుస్తుంది, అంతే. పక్కన పీచ్ చెట్టు కూడా ఉంటే దాని కాయలు కూడా ఓ కంట కనిపెట్టండి, ఒక్కోసారి ఈ ఈగ వాటి మీద కూడా వాలుతుంది. మామిడికి, బీరకి, కాకరకి ఇవి పనికొస్తాయా అని మా ఊరివాళ్ళు అడిగారు. వాటి ఈగలు వేరు, ఎరలు వేరు. ఇండియాకి మోసుకెళ్ళి సూట్‌కేసులో చోటు దండగ చేసుకోకండి, అమోనియా వాసనకి కస్టమ్స్ వాళ్ళు ఏమంటారో కూడా తెలీదు.

కంపెనీ వాళ్ళు ఇది చదివితే, లావు తీగ ఇవ్వండి, ఎర డబ్బాలు విడిగా అమ్మండి, ఈగ రెక్క బొమ్మ ఒకటి అట్ట వెనక అచ్చు వేయండి. నాలుగున్నర చేస్తాను.

ఈ ఏడాది అట్టలు వచ్చేశాయి, ఫ్రిజ్ పైన పెట్టాను. నాన్న జూన్‌లో వస్తున్నారు. ఫోన్‌లో ఎన్నిసార్లు చెప్పినా "రెండంటే రెండే అట్టలా? పోనీ నాలుగు కట్టరాదూ" అంటూనే ఉన్నారు. నిచ్చెన గరాజ్‌లో పెట్టి తాళం వేయాలి.